పచ్చబడ్డ చెరువు

చెరువులో వల వేసి బతికే ఆ మనిషిని అందరూ ముళ్ళచేప అనేవారు. నోరు తెరిస్తే గుచ్చుకునే మాట తప్ప మరో మాట వచ్చేది కాదు. ఆ మాటలు ఎక్కువగా పడ్డది అతని బావమరిది. పెళ్ళినాటి నుంచీ వాళ్ళిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

బావమరిది చెరువుకు ఎగువన కోళ్ళఫారం పెట్టాడు. షెడ్లు కడిగిన నీళ్ళూ పెంటా కాలువలో పడి చెరువులోకి వచ్చేవి. మొదటి ఏడాది ముళ్ళచేప కిక్కురుమనలేదు. ఎరువు తగిలిన నీళ్ళలో నాచు పెరిగింది, ఆ మేతకు చేపలు బలిశాయి, వల బరువెక్కింది. "నా పుణ్యమే తింటున్నావు బావా" అని బావమరిది నలుగురిలో అన్న మాట మాత్రం అతనికి ముల్లులా గుచ్చుకుంది.

ఆపైన నాచు ఆగలేదు. నీటి మీద రంగు డబ్బా ఒలకబోసినట్టు పరుచుకుంది. తెడ్డు ముంచితే జిగురు. వెలుతురు అందక కింది మొక్కలు చచ్చాయి. నాచూ చచ్చి అడుక్కి దిగి కుళ్ళింది. ఆ కుళ్ళు నీటిలోని ప్రాణవాయువును లాగేసింది. ఉక్కపోసిన ఒక వేకువన అతను పడవ తోసేసరికి చేపలన్నీ పైకొచ్చి, నోళ్ళు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఎండెక్కేసరికి చెరువంతా తెల్లటి పొట్టలు.

ఫారానికి వెళ్ళి అడిగితే బావమరిది దాణా గదిలోంచి బయటికైనా రాలేదు. చేపలకేదో రోగమని, చేతకానివాడే చెరువును తిడతాడని లోపలి నుంచే అన్నాడు.

ముళ్ళచేప పార తెచ్చి కాలువకు అడ్డంగా కట్ట వేశాడు. మధ్యాహ్నానికల్లా మురుగు వెనక్కి తన్ని షెడ్లలోకి ఎక్కింది. బావమరిది పలుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. సంగతి తెలిసి ముళ్ళచేప భార్య కూడా వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది. తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది ఆమే.

"నీ మొగుడికి చెప్పక్కా. కట్ట తియ్యకపోతే తల పగలగొడతాను."

ఆమె భర్త చేతిలోని పార లాక్కుంది. తమ్ముడి ముఖంలో గెలిచిన నవ్వు కదిలింది. ఆమె వంగి, పారెడు మట్టి తీసి కట్ట మీదే వేసింది.

"నీ ఇంట్లోకొస్తే కంపు, మా చెరువులోకొస్తే పుణ్యమా? గొయ్యి తవ్వుకుని పోసుకో. అప్పటిదాకా నాకు తమ్ముడు లేడనుకుంటా."

మరో దారి లేక బావమరిది గొయ్యి తవ్వించాడు. పెంట ఎండబెట్టి దూరపు చేలకు తోలిస్తున్నాడు. అయినా చెరువు బాగుపడలేదు. అడుగున పేరుకున్న బురదే ప్రతి వేసవిలో నాచును మేపుతోంది. ముళ్ళచేప పొద్దు వల లాగడంలో కంటే నాచు తోడిపోయడంలోనే ఎక్కువ గడుస్తోంది. దొరికేవి వేలెడంత చేపలు.

గొయ్యి తవ్వినా అక్క మనసు విరిగింది విరిగినట్టే ఉంది. ఆ ఇంటి కాకి ఈ ఇంటి మీద వాలదు. ఆమధ్య బజారులో తమ్ముడు ఎదురై, "బాగున్నావా అక్కా" అన్నాడు. ఆమె సంచి మరో చేతికి మార్చుకుని, పక్క బండి దగ్గరికి వెళ్ళి ఉల్లిపాయలు బేరమాడింది.