దవడ కింద వాపు, మెడలో గొలుసు

నా చిన్నప్పుడు మేము ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో, రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఒక వేసవిలో నా ఎడమ దవడ కింద వాపు వచ్చింది. గవదబిళ్ళలని మా అమ్మ నిశ్చయించింది. గవదబిళ్ళలు వస్తే మెడలో బంగారం వేయడం మా వాళ్ల ఆచారం. మా ఇంట బంగారం లేదు. పక్కింటి అక్క, ఎవరూ అడగకముందే, తన పెళ్లి గొలుసు తీసి నా మెడలో వేసింది.

కాసేపటికి వాపు తగ్గింది. గొలుసు మహిమేనని అందరూ సంతోషించారు. కాని మళ్లీ అన్నానికి కూర్చోగానే పొంగింది. తిన్న తరువాత మళ్లీ తగ్గింది. రోజూ ఇదే వరస. గొలుసు నా మెడలోనే ఉండిపోయింది.

ఒకనాడు కొళాయి దగ్గర ఎదురింటి పిన్ని అందరూ వినేటట్టు అంది: “గవదలూ లేవు, ఏటీ లేవు. గొలుసు తిరిగి ఇచ్చీమంటారని దవడ ఉబ్బించుకుంటంది. అప్పుడే ఎన్ని సోకులో!” నీళ్లకు వచ్చినవాళ్లు నవ్వారు. మా అమ్మ తల వంచుకుని బిందె ఎత్తుకుంది.

ఆ సాయంత్రమే అక్క వచ్చి గొలుసు తీసేసుకుంది. ఆమె కూడా ఆ మాట నమ్మిందనుకున్నాను. కాని అక్క నన్ను కొళాయి దగ్గరికే నడిపించి, పిన్ని ఎదుట నిలబెట్టి, నా నోట్లో పచ్చిమామిడి ముక్క పెట్టింది. చూస్తుండగానే దవడ కింద గడ్డ లేచింది.

“తాకి సూడు పిన్నీ. ఉబ్బించుకుంటే ఇలగొస్తాదేటి? గొలుసు నా సేతిలోనే ఉన్నాది మరి.”

పిన్ని తాకింది. తన బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు అక్క నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ బెంగాలీ డాక్టరు నా చేతికి అద్దమిచ్చి నాలుక ఎత్తమన్నాడు. దవడ ఎముక చాటున లాలాజల గ్రంథి ఒకటి ఉంటుందనీ, అందులో ఊరిన నీరు సన్నని నాళం గుండా నాలుక కిందికి వస్తుందనీ, ఆ దారిలో రాయి అడ్డుపడిందనీ, అందుకే పులుపు తగిలినప్పుడల్లా గ్రంథి పొంగుతోందనీ వివరించి, ఆ రాయిని తీసేశాడు. బియ్యపు గింజంత రాయి.

“సూసినావా, దొంగ ఇదీ!” అని అక్క నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. వాపు నిజమే. కాని అది తగ్గినప్పుడల్లా గొలుసు తీసేస్తారేమోనని బెంగపడ్డాను. కంచం ముందు కూర్చుని మళ్లీ రావాలని కోరుకున్నాను. నా కోసం అంతమందిలో నిలబడిన మనిషికి ఆ సంగతి చెప్పలేకపోయాను.

నా ఎదుట ఎవరైనా ఒకరిపై నింద వేస్తే, తాకి చూశారా అని నేటికీ కఠినంగానే అడుగుతాను. కాని పులుపు తగిలి దవడ కింద నీరు ఊరినప్పుడు మాత్రం నా చెయ్యి దానంతటదే మెడ మీదికి పోతుంది. ఎవరూ చూడకముందే దించుకుంటాను.