గార మావయ్య చెవి

ఫిట్టరు గార మావయ్య చెవికి రెండు వీధుల అవతలి గొట్టంలో సున్నపు గార పేరుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది, అదీ తాను గురక పెట్టి నిద్రపోతున్నప్పుడు. ఫ్యాక్టరీలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. కూలింగు యంత్రానికి స్పానరు ఒక కొన ఆనించి, రెండో కొనకు చెవి పెట్టి, ఒక కన్ను మూస్తాడు. అప్పుడు మేనేజరైనా సరే తుమ్ము ఆపుకోవాల్సిందే. చుట్టాలింటికి వెళ్లినా ముందు నీళ్లు కాచే గిన్నె అడుగు గోటితో గీకి చూసి, పెళ్లాం చేత తిట్లు తింటాడు.

మొన్న ఆ యంత్రం కాగిపోయి మాటిమాటికీ ఆగిపోతుంటే, కొత్త పంపు వేయాలన్నాడు ఇంజనీరు. మావయ్య స్పానరు ఆనించి విన్నాడు.

"పంపు గుండ్రాయిలా ఉందండీ. లోపల కింది రెండు వరుసల గొట్టాలూ పూడుకుపోయాయి. విప్పించండి."

"విప్పితే రోజంతా పని ఆగిపోద్ది. తీరా అక్కడేం లేకపోతే?" అన్నాడు మేనేజరు.

"రేపట్నించి నేను రాను."

ఇరవై రెండేళ్ల ఉద్యోగాన్ని బల్ల మీద స్పానరు పెట్టినట్టు పెట్టేశాడు. విప్పారు. పై వరుసల్లో ఉన్నది పల్చటి పొరే. కింది రెండింట్లో మాత్రం పెన్సిలు కూడా దూరనంత గార. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏం చెవి మావయ్యా అది!" అంటూ ఇంజనీరు వంగి మరీ ఆ చెవిలోకి చూశాడు.

మావయ్య పొడుగు బ్రష్షు అందుకున్నాడు.

"చెవీ లేదు, చింతకాయా లేదు. పోయినసారి కడిగినప్పుడు ఆ రెండు వరుసలూ వదిలేసి ఇంటికెళ్లిపోయింది నేనే."