చెవి చూసి చెప్పే రంగు

మా అమ్మాయి పుట్టిన గంటకే దాని చెవి మడిచి చూశారు. ముందు మా అమ్మ చూసింది. తర్వాత మా పిన్ని, పక్క మంచం బాలింత వాళ్ళ అమ్మ, ఆఖరికి వార్డు ఊడ్చే మనిషి. పుట్టినప్పుడు బిడ్డ ఎర్రగా ఉన్నా నమ్మకూడదట. చెవి పైఅంచు ఏ రంగులో ఉంటే, కొన్ని నెలలు గడిచేసరికి ఒళ్ళంతా ఆ రంగుకే తేలుతుందట. మా వైపు ఇది తెలియని వాళ్ళుండరు. చిన్నప్పుడు నేనూ ఎందరి చెవులో చూసే ఉంటాను.

మా అమ్మాయి చెవి అంచు నేరేడు పండులా ఉంది.

"పోనీలే, కళ్ళు బాగున్నాయి" అంది మా అమ్మ. పిల్ల అప్పటికింకా కళ్ళు తెరవలేదు.

విజయనగరంలో కాలేజీలో చదివే రోజుల్లో వర్ణవివక్ష మీద వ్యాసరచన పోటీ పెడితే నాకు మొదటి బహుమతి వచ్చింది. దక్షిణాఫ్రికా తెల్ల ప్రభుత్వాన్ని ఆరు పేజీల్లో కడిగేశాను. తోలు రంగును బట్టి మనుషుల్ని విడదీసేవాళ్ళ బుర్రలో ఏదో జబ్బు ఉండి ఉండాలనీ, ఆ జబ్బు మాట అనేవాళ్ళతో ఆగదనీ, మాట పడేవాళ్ళని లోపల్నించి తినేస్తుందనీ రాశాను. సభలో చదివి వినిపించమంటే వెళ్ళాను. ఆ రోజు మొహానికి పౌడరు రెండు పొరలు వేసుకున్నాను. ఆ సంగతి ఇన్నేళ్ళూ గుర్తే లేదు, ఇది రాస్తుంటే గుర్తొచ్చింది.

పిల్లకి ఐదో నెల రాగానే ఆమదాలవలసలో అత్తవారింటికి వచ్చాను. మావయ్యగారికి ధాన్యం కొట్టు. మా ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో మావయ్య నలుపు, అత్తయ్య నలుపు, మా ఆయన మరీ నలుపు. కాస్త చామనచాయ అంటే నేనే. అయినా పిల్ల నలుపు నా వైపు నుంచి వచ్చిందని మొదటి వారంలోనే తేలిపోయింది.

"మా నలుపు ఇలగుండదు. మాది మెరుస్తాది" అన్నారు అత్తయ్య. "కడుపుతో ఉన్నప్పుడు నేరేడు పళ్ళు తిన్నావేటి?"

"తిన్నాను అత్తయ్యా."

"ఎన్ని?"

"లెక్కపెట్టలేదు."

"మరదే" అన్నారు.

సాయంత్రం రైలుకి పేపరు వచ్చేది. మావయ్య అరుగు మీద కూర్చుని పైకి చదివేవారు. "సూసినావా అమ్మా, అమెరికాలో నల్లోళ్ళని హోటల్లోకి రానీరంట. ఏటీ అన్యాయం! ఆల్లు మనుసులు కారా?" అని కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, అదే గొంతుతో పిల్ల గురించి, "గుంటకి ఈ పూట సెనగపిండి రాసినారా?" అని అడిగేవారు.

"రాశాం మావయ్యా" అనేదాన్ని. ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. నాకూ రాలేదు.

శుక్రవారం స్నానం అయ్యాక వసారాలో కొలత. మావయ్య పొందూరు కండువా కొస పిల్ల చెవి పక్కన పెట్టి, ఆ తెలుపుకీ ఈ నలుపుకీ ఎడం ఎంత తగ్గిందో అత్తయ్య చూసేవారు. మూడు వారాలు వరసగా "తేల్తున్నాది" అన్నారు. నాలుగో వారం, "ఓలమ్మో, గుంట మళ్ళీ దిగిపోనాది!" అని కేక పెట్టారు. అందరం పరిగెత్తాం. సెనగపిండి పాతబడిందా, మీగడ తక్కువైందా అని అరగంట విచారణ జరిగింది. చివరికి మా ఆయన కనిపెట్టారు. కండువా ఆ పొద్దునే నీలిమందు పెట్టి ఉతికి వచ్చింది. అంతకు ముందు మూడు వారాలూ అది మాసి ఉంది. మాసిన కండువా పక్కన పిల్ల తెల్లబడింది, ఉతికిన కండువా పక్కన నల్లబడింది.

ఇంత తెలిశాక కొలత మానేశామా? లేదు. బాగా ఆలోచించి, ఇకమీదట మాసిన కండువాతోనే చూడాలని నిర్ణయించాం. దాన్ని ఉతక్కూడదన్నారు అత్తయ్య. మావయ్య ఒక పెళ్ళికి కూడా దాంతోనే వెళ్ళొచ్చారు.

వీళ్ళని అనడం సులువు. వీళ్ళు వారానికొకసారి చూస్తే, నేను రోజుకి ఇరవై సార్లు చూసేదాన్ని. కిటికీ వెలుగులో ఒకసారి, పెరట్లో ఒకసారి, మబ్బు పడితే మళ్ళీ. చూసిన అరగంట దాకా గుండె దడ తగ్గేది. తర్వాత, సరిగ్గా చూశానో లేదో అని మొదలయ్యేది. పాలు తాగుతూ పిల్ల నా మొహంలోకి చూస్తూ ఉండేదని ఎన్నాళ్ళకో గమనించాను. నేను చూసింది దాని చెవినే.

పెద్దయ్యాక బడిలో దాన్ని ఏమంటారో అన్నీ నాకు వినిపించేవి. వంట చేస్తూ వాటికి జవాబులు చెప్పేదాన్ని.

"ఎవులితోటి మాటాడతన్నావే?" అన్నారు ఒకరోజు అత్తయ్య.

"బడిలో పిల్లలతో."

"ఏ బడి?"

పిల్లకి అప్పటికి పళ్ళు కూడా రాలేదు.

పదో నెలలో ఒక పొద్దున సముద్రం వైపు నుంచి ఎండుచేపలు అమ్మే ఆవిడ వచ్చి అరుగు మీద బుట్ట దించింది. పిల్ల పాక్కుంటూ ఆవిడ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఎదురుగా కూర్చుని, తల పక్కకి వంచి, కుడి చెవి చూపించింది. అలాగే కాసేపు ఆగింది. ఆవిడ చెయ్యి వెయ్యకపోయేసరికి రెండో వైపు తిరిగి ఎడమ చెవి చూపించింది.

"ఏటమ్మా, గుంటకి సెవిపోటా?" అంది చేపలావిడ.

"కాదు. ఇంటికి కొత్తవాళ్ళెవరైనా వస్తే అలా చేస్తుంది."

"ఓలమ్మ! మాయింట్లో గుంటలు దండమెడతారు" అంది. నా మాట నమ్మలేదు. నూనెలో వెల్లుల్లి కాచి రెండు చుక్కలు వెయ్యమని చెప్పి, చేపలు కొలిచి వెళ్ళిపోయింది.

పిల్లని ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. కానీ తనలో చూసి తేల్చవలసినది ఏదో ఉందని దానికి తెలిసిపోయింది. మాటలు రాకముందే తెలిసింది కాబట్టి, మాటలు వచ్చేలోగా మరిచిపోవాలి. వచ్చాక ఇక మరవదు. నాకు అలా అనిపించింది.

మర్నాడే మా అమ్మ అల్లిన ఉన్ని టోపీ పెట్టి, గడ్డం కింద ముడి వేశాను. అది వైశాఖ మాసం. "చెవిలోకి గాలి పోతోంది" అన్నాను. మూడు రోజులు ఎవరికీ చెవి కనపడలేదు. నాలుగో రోజుకి మా వీధిలో పిల్లకి చెవులు లేవన్న మాట పుట్టింది. వారం తిరక్కుండా ఆ మాట స్టేషను దాటింది. పని లేకుండా పెరుగు అడగడానికి వచ్చేవాళ్ళు, నిప్పు అడగడానికి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. కొట్టు దగ్గర ఒక రైతు మావయ్యని ఓదార్చాడట: "పోన్లెండి బాబూ, మాటైతే ఇనిపిస్తాది కదా."

పిల్లకి తలంతా చెమటకాయలు పేలాయి. శ్రీకాకుళంలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ టోపీ తీయించి, కథంతా విని, నన్ను చెడామడా తిట్టింది. "చదువుకున్నదానివి! బిడ్డ బంగారంలా ఉంది. రోగం నీది. నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయింది?" అంటూ పిల్ల వీపు మీద గొట్టం పెట్టి చూస్తోంది. ఆ మాటల మధ్యలోనే ఆవిడ రెండో చెయ్యి తనంతట తాను పైకి వెళ్ళి పిల్ల చెవి అంచు మడిచింది. తర్వాత నా వైపు చూసింది. చెమటకాయలకి పూత మందు రాసిచ్చింది.

చెవుల్లేని మేనకోడల్ని చూడ్డానికి సాలూరు నుంచి మా వదిన వచ్చారు. వదిన అంటే మా ఆయన అక్కగారు. వాళ్ళకి లారీలున్నాయి. ధాన్యం లోడుకి వస్తున్న లారీలో డ్రైవరు పక్కన కూర్చుని వచ్చేశారు. చెప్పులు కూడా విప్పకుండా పిల్లని ఎత్తుకుని టోపీ లాగేశారు.

"ఉన్నాయి కదే! రెండూ ఉన్నాయి!" అని పకపకా నవ్వారు.

పిల్లకి ఆ మనిషి కొత్త. పద్ధతిగా తల వంచి కుడి చెవి చూపించింది. తర్వాత ఎడమది.

వదిన నవ్వు ఆగిపోయింది. "ఇదెవులు నేర్పినారు?"

"ఎవులూ నేర్పనేదు. దానికే తెలుసు. తెలివైన గుంట" అన్నారు అత్తయ్య.

"అమ్మా, నా సెవులు ఎన్నాళ్ళు సూసినావు?"

"నీయా? పెళ్ళి దాకా సూసినాను. ఏటి లాభం, రంగు రానేదు." అందులో ఎకసెక్కం ఏమీ లేదు. వాన పడక పోయిన చేను గురించి చెప్పినట్టు చెప్పారు.

వదిన నా వైపు తిరిగారు. "నలుగురు పిల్లల తల్లిని. తాగొచ్చిన డ్రైవర్ని నడిరోడ్డు మీద నిలబెట్టి తిడతాను. కానీ ఎవులైనా పక్కన కూకుంటే జుత్తు సెవుల మీదకి లాక్కుంటాను. నాకు తెలీకుండానే సెయ్యెల్తాది." నిజమే, వదిన జుత్తు ఎప్పుడూ చెవుల మీదుగానే దువ్వి ఉండేది. నేను అదొక ఫ్యాషన్ అనుకున్నాను.

ఆ పూటే వదిన చట్టం చేశారు. "ఇకనుంచి ఈ గుంట సెవి సూడాలంటే ముందు ఎవుల సెవి ఆల్లు దానికి సూపాలి. కింద కూకుని, తల వొంచి, అది సూసినంత సేపు కదలకుండా. అమ్మా, ముందు నువ్వు రా."

"సీ! అదేటి నన్ను సూసేది, నలుగురిలో!" అని అత్తయ్య వంటింట్లోకి వెళ్ళిపోయారు. మావయ్య కండువా తలకి చుట్టుకుని కొట్టుకి బయల్దేరారు. పక్కింటావిడకి పాలు పొంగుతున్న సంగతి గుర్తొచ్చింది.

సరదాకి అన్నారనుకున్నాను గానీ, చట్టం నిలబడింది. వదిన రెండు రోజులుండి, వచ్చిన ప్రతివాళ్ళ ముందూ పిల్లని కూర్చోబెట్టి "సూపండి" అన్నారు. తమ చెవి ఎలా ఉంటుందో చూసుకోనివాళ్ళు చాలామంది ఉన్నారని తెలిసింది. ఎవరికీ ధైర్యం చాలలేదు. వానలు పడేసరికి శుక్రవారం కొలత ఆగిపోయింది. పిల్ల నడక నేర్చింది. కొత్తవాళ్ళు వస్తే చెవి బదులు చేతిలో ఏది ఉంటే అది చూపించడం మొదలుపెట్టింది. మరిచిపోయిందనుకున్నాను.

నేనే మరవలేదు. నీళ్ళు పోసి తల తుడిచేటప్పుడు తువ్వాలు చాటున చూసుకునేదాన్ని. రోజుకి ఒక్కసారే. అది తగ్గడం కాదా అనుకునేదాన్ని.

మొన్న పిల్లకి ఏడాదిన్నర నిండింది. పెరట్లో తల తుడుస్తూ అలవాటుగా చెవి మడిచాను. పిల్ల తువ్వాల్లోంచి తల లాక్కుని, తడి ఒంటితో నా ముందు నిలబడి, వేలు నా చెవి వైపు పెట్టి, "సూపు" అంది.

వాళ్ళత్త మాట.

కింద కూర్చున్నాను. జుత్తు వెనక్కి తోసుకుని తల వంచాను. తడి వేళ్ళతో నా చెవి అంచు మడిచింది. వాళ్ళ నాయనమ్మ చూసినట్టే, ఊపిరి బిగపట్టి, చాలాసేపు చూసింది.

ఇంతలో బావి పక్కన కోడి అరిచింది. నా చెవి వదిలేసి అటు పరిగెత్తింది. ఏమీ చెప్పలేదు.

నేను తల వంచుకుని అలాగే కూర్చున్నాను, తిరిగి వచ్చి చెబుతుందేమోనని.