కనకాంబరాలు ఆగిన చోట

రోజూ పొద్దున్నే ఒక పేజీ రాసి మా ఆవిడకు చదివి వినిపించేవాణ్ణి. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ వినేది. కథలో ఎక్కడైనా అబద్ధం దొర్లితే ఆ చేతులు ఆగిపోయేవి. నేనే ఆ వాక్యం కొట్టేసేవాణ్ణి. ఆవిడ పోయాక ఏడాదిపాటు ఒక్క వాక్యం రాయలేదు. ఆవిడ వినని ఆఖరి పేజీ ఉన్న నోటుపుస్తకం మాత్రం సంచిలో ఉండేది.

ఒకరోజు కాకినాడ నుంచి వస్తుంటే, కడియంలో పాసింజరు ఎక్కిన ఒకావిడ నా ఎదుట కూర్చుని కనకాంబరాలు మాల కట్టసాగింది.

“ఏంటండీ, ఆ పుస్తకం ఇందాకట్నుంచీ తెరుస్తారు, మూస్తారు?”

“కథండి. సగంలో ఆగింది.”

“అయితే పైకి చదవండి. నా చేతులకే పని, చెవులు ఖాళీయే.”

చదివాను. ఇల్లు అమ్ముకున్న పెద్దాయన నవ్వుతూ తాళాలు ఇచ్చాడన్న చోట ఆమె వేళ్లు ఆగాయి. దారం చిక్కుపడిందేమో, అడగలేదు. పెన్ను తీసి ‘నవ్వుతూ’ కొట్టేశాను.

“ఊఁ, తర్వాత?”

“ఇంకా రాయలేదండి.”

“రాయండి మరి. కొవ్వూరు ఇంకా రాలేదుగా!”

రైలు గోదావరి వంతెన ముందు సిగ్నలు కోసం చాలాసేపు నిలబడింది. ఐదు వాక్యాలు రాసి చదివాను. ఆమె వేళ్లు రెండుసార్లు ఆగాయి. రెండూ కొట్టేశాను.

కొవ్వూరులో ఆమె బుట్ట ఎత్తుకుని దిగిపోయింది. నాకు మూడు వాక్యాలు మిగిలాయి.