నా రెండు లైన్లు, మా మాస్టారు

బ్రాడీపేటలో మాకు వెబ్‌సైట్లు తయారుచేసే పీహెచ్‌పీ భాష నేర్పిన మాస్టారు పోయారు. మొన్న ఉదయం ఆయన భార్య ఫోన్ చేసి, "మీ మాస్టారు ఇక లేరమ్మా" అన్నారు. నేను, టిఫిన్ చేశారా అని అడిగాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

క్లాసులో ఆయన ఏ విద్యార్థి కీబోర్డునూ తాను ముట్టుకునేవారు కాదు. ఎర్రర్ చూసి మేం బిక్కమొహం వేసినా, చేతులు వెనక్కి కట్టుకుని, "అదేం చెబుతోందో చదవమ్మా" అనేవారు. నాకు ఒళ్లు మండేది. ఫ్రేమ్‌వర్కు, అంటే మన ప్రోగ్రాముకు ముందే ఎవరో రాసిపెట్టిన చట్రం, అద్దె ఇల్లు లాంటిదనీ, గోడలు పగలగొట్టకుండా మన సామాను మన గదిలో పెట్టుకోవాలనీ చెప్పేవారు. అంటే దాని సొంత ఫైళ్ల జోలికి పోకూడదు.

నేను ఆ జోలికే పోయాను. చదువయ్యాక ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీకి టోకెన్లిచ్చే వెబ్ పేజీ చేశాను. మిర్చి టిక్కీలతో, అంటే బస్తాలతో, వచ్చిన ట్రాక్టరుకు ఏ గదిలో ఖాళీ ఉందో అది చెప్పాలి. ఆ ఖాళీలు చూసే కోడ్ ముక్క, క్లాసు అంటాం, మా ఫోల్డర్లో ఉంటే, ఫ్రేమ్‌వర్కు మాత్రం తన ఫోల్డర్లోనే వెతికేది. క్లాసులు ఎక్కడున్నాయో వెతికి తెచ్చే లోడర్ ఫైలు మాదొకటి విడిగా రాస్తే సరిపోయేది. బద్ధకించి దాని లోడర్ ఫైల్లోనే రెండు లైన్లు ఇరికించాను. పనిచేసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సీజను మధ్యలో ఒక ఆదివారం, కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో కూర్చుని ఫ్రేమ్‌వర్కు కొత్త వెర్షన్ ఎక్కించాను. పాత లోడర్ ఫైలు స్థానంలో కొత్తది వచ్చింది. నా రెండు లైన్లూ పోయాయి. అవేమిటో ఎక్కడా రాసిపెట్టుకోలేదు. పేజీ తెరుచుకోవడం మానేసింది. టోకెన్లు రాక గేటు బయట ట్రాక్టర్లు ఆగిపోయాయి, పైన మబ్బు కమ్ముకొచ్చింది. పర్చూరు నుంచి వచ్చిన రైతు ఒకాయన కిటికీ దగ్గరకొచ్చాడు.

"ఏమ్మా, ఇప్పుడు తడిస్తే ఏడాది కష్టం పోద్ది. లోపలికి పంపుతారా, లేదా?"

మాస్టారికి ఫోన్ చేశాను. చర్చి నుంచి నేరుగా స్కూటర్ మీద వచ్చారు. జరిగింది చెప్పి, లేచి కుర్చీ ఇచ్చాను. కూర్చోలేదు. మీకైతే ఐదు నిమిషాల పని అని బతిమాలాను.

"నేను బాగుచేస్తే రేపు మళ్లీ నాకే ఫోన్ చేస్తావు. మన ఫోల్డర్లో లోడర్ నువ్వే రాయి. నేను బయటుంటాను" అని వెళ్లిపోయారు.

ఆ క్షణాన ఆయనంటే అసహ్యం వేసింది, దాచడం దేనికి. చినుకులు మొదలయ్యాయి. రాశాను. క్లాసు దొరకలేదని ఎర్రర్ వచ్చింది. బయట ఎవరో తిడుతున్నారు. ఎర్రర్ మొదటి నుంచి చదివాను. మా ఫోల్డరుకు బదులు ఫ్రేమ్‌వర్కు ఫోల్డరు దారి ఇచ్చానని అప్పుడు కనిపించింది. మార్చాను. పేజీ తెరుచుకుంది, మొదటి టోకెన్ వచ్చింది. ఇవాళ ఎవరు రాసిన ఫైలైనా భయపడకుండా తెరుస్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

అప్పుడు తలెత్తి బయటికి చూశాను. పర్చూరు రైతు ట్రాక్టరు మీది టార్పాలిన్ పట్టా గాలికి ఎగిరిపోకుండా మాస్టారు ఒక మూల రెండు చేతులతో అదిమిపట్టి ఉన్నారు. తెల్ల చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది, మోచేతుల మీదుగా మిర్చి ఎరుపు కారుతోంది. గేటు తీశారని చెప్పినా, చివరి టిక్కీ లోపలికి వెళ్లేదాకా ఆ మూల వదల్లేదు. నేనేం చేస్తున్నానో చూడటానికి ఒక్కసారి కూడా కిటికీ వైపు తిరగలేదు.