పెరటి పలక మీద స్కూటర్ నూనె

మా పెరట్లో నడిచే దారికి వేసిన రాతి పలకల్లో ఒకదాని మీద నా స్కూటర్ కార్చిన నూనె మరక ఏళ్లుగా ఉంది. తీయమని నా భార్య పోయేదాకా చెబుతూనే ఉంది. నేను పనిచేసే ప్లాంటులో నూనె ఒలికితే అది పీల్చుకునేలా రంపపు పొట్టు చల్లించడం నాకు రోజూ ఉన్న పనే. ఇంట్లో మాత్రం ఎన్నడూ చల్లలేదు.

ఈ ఉదయం సబ్బుపొడి కలిపిన తడి పొట్టు పరిచి, సాయంత్రం బ్రష్‌తో గట్టిగా రుద్దాను. మరక పోయింది. పక్క క్వార్టర్ సీతమ్మ గోడ మీంచి చూసింది.

"ఏటి అన్నయ్యగారూ, వదిన అన్నేళ్లు అడిగితే ఇప్పుడా?"

"ఆలస్యమైందమ్మా."

"అరే, వదినుంటే ఇప్పుడేటనేదో తెల్సా? మిగతావన్నీ ఎంత గందాగా, మురికిగా ఉన్నాయో చూడండీ అనేది!"

ఇద్దరం నవ్వుకున్నాం. నిజమే, ఆ ఒక్క పలక తెల్లబడి మిగతావాటి పరువు తీసింది. మా ఆవిడ లేకపోయినా నాకు తిట్లు తప్పలేదు. రేపు రెండో పలక పట్టుకుంటాను. మీ ఇంట్లో ఏళ్లుగా అడిగించుకుంటున్న పని ఏమిటి?