కార్బన్ కాగితం మీద రెండు ఆర్లు

మా లీగులో పన్నెండు జట్లున్నాయి. వాటిలో ఒక్క ఆటగాడికీ రక్తమాంసాలు లేవు, అందరూ అట్టముక్కలే. పెద్ద మైదానాల్లో ఆడే బేస్‌బాల్ ఆటగాళ్లు నిరుడు ఎలా ఆడారో లెక్కగట్టి ఒక్కొక్కడి పేర ఒక్కో కార్డు అచ్చేస్తారు. మనం రెండు పాచికలు వేసి, పడ్డ అంకెల్ని ఆ కార్డు మీద చూసుకుంటే వాడు కొట్టాడో ఔటయ్యాడో తెలుస్తుంది. 1979 నుంచీ మా ఊరు మానిటోవాక్‌లో మాకిదే పిచ్చి. పెళ్లాలు నవ్వారు, పిల్లలు నవ్వారు, ఇప్పుడు మనవలు నవ్వుతున్నారు. నవ్వుకోనీ.

ఏటా ఫిబ్రవరిలో లీగు పుస్తకం వేస్తాం. ప్రతి జట్టు యజమానీ తన జట్టు చరిత్ర, రాబోయే సీజను ఎలా ఉంటుందన్న అంచనా రాసి, అందరి ముందూ చదవాలి. ఈసారి మాత్రం ఒకరి గురించి ఇంకొకరు కూడా రాయాలని ట్రీనా పట్టుబట్టింది. ట్రీనా ఆసుపత్రిలో నర్సు, మా లీగులో ఒకే ఒక్క ఆడమనిషి. వాళ్ల నాన్న పోయాక ఆయన జట్టు తనకొచ్చింది. చీటీలు తీస్తే నాకు ఆర్లిన్ టెష్కే వచ్చాడు. సగం పేజీ చాలంది. సగం పేజీలో ఇమిడే సంగతి కాదిది.

ఆర్లిన్ జట్టు పేరు హార్బర్ గల్స్, రేవు పిట్టలన్నమాట. నాది మిల్ స్ట్రీట్ మ్యూల్స్. కంచరగాడిదల పేరు పెట్టుకున్నానని చెప్పినప్పుడు మా ఆవిడ, "పోన్లే, యజమానికి తగ్గ పేరే దొరికింది," అంది. నాకు కోపం ఎక్కువ, పంతం అంతకంటే ఎక్కువ. ఆర్లిన్ నాకు పూర్తిగా విరుద్ధం. గట్టిగా తుమ్మడు కూడా. ముప్పై ఒక్క చలికాలాలు కౌంటీ రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపాడు. ఎదర చేయి పెడితే కనపడని తుఫానులో, సరస్సు గట్టు మీద ఒంటరిగా తిరిగిన మనిషి. అలాంటివాడు ఫోన్ మోగితే ఎనిమిది మోతలదాకా ఎత్తేవాడు కాదు. నేను చేసినప్పుడల్లా లెక్కపెట్టాను, సరిగ్గా ఎనిమిది. మోకాళ్లు అరిగాయేమో అనుకునేవాణ్ని.

మా ఆట తీరు కొంచెం చెప్పాలి. ఎవరి సొంతగడ్డ ఆట వాళ్లింట్లో, వంటింటి బల్ల మీద, ఒక్కరే కూర్చుని ఆడాలి. ఎదుటి జట్టు యజమాని తన ఎత్తులన్నీ రాసి పంపుతాడు. ఇంట్లో ఉన్నవాడు రెండు జట్లకీ తనే పాచికలు వేస్తాడు. ముందు పడ్డ అంకెలు పెన్సిలుతో కాగితం మీద రాయాలి, తర్వాతే కార్డు చూడాలి. కింద కార్బన్ పెట్టి రాస్తే రెండు కాపీలొస్తాయి. పైది తన దగ్గర ఉంచుకుని, కార్బన్ కాపీ ఎదుటివాడికి పోస్టులో పంపాలి. పక్కన చూసేవాడు ఎవడూ ఉండడు. ఈ లీగంతా నమ్మకం మీద నిలబడింది.

ఆ నమ్మకాన్ని వమ్ముచేసిన మనిషి ఒక్కడే అని చాలాకాలం అనుకున్నాం. డెల్మర్ హోల్ట్, 1984 విజేత. 1986లో అతన్ని పట్టుకున్నది నేనే. అప్పట్లో నేను ఈ ఊరి పోస్ట్‌మ్యాన్ని. ఒక మధ్యాహ్నం అతని గుమ్మం పక్క డబ్బాలో ఉత్తరాలు వేస్తూ కిటికీలోంచి చూశాను. డెల్మర్ పాచికలు వేశాడు, మూతి ముడిచాడు, ఏమీ రాయకుండా మళ్లీ వేశాడు. నేను ఊరుకునే రకమా? అందర్నీ పోగేశాను. మా దగ్గర ఓటంటే కాఫీ డబ్బాలో పాచిక వేయడం. తెల్లది వేస్తే ఉండొచ్చు, ఎర్రది వేస్తే బయటికి. ఆ రోజు పదకొండూ ఎర్రవే పడ్డాయి. 1984 గెలుపు కూడా రద్దుచేశాం. అప్పట్నుంచి లీగు పుస్తకంలో ఆ సంవత్సరం ఎదురుగా ఒక గీత ఉంటుంది, పేరు ఉండదు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు డెల్మర్ ఇంటికి ఉత్తరాలు నేనే వేశాను. ఒక్కసారి పలకరించలేదు. 1995 జనవరిలో పోయాడు. మాలో ఒక్కడూ వెళ్లలేదు.

ఇదంతా మనసులో పెట్టుకుంటే ఆర్లిన్ సంగతి అర్థమవుతుంది.

ఈ జనవరిలో ట్రీనా అందరికీ ఉత్తరం పంపింది. పాత కాగితాలన్నీ తెచ్చిస్తే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుందట. "ఎవరి పాచికలకి ఎంత అదృష్టం ఉందో మొత్తం బయటపడుతుంది, జాగ్రత్త!" అని చివర సరదాగా రాసింది. మూడో రోజు ఆర్లిన్ మా ఇంటికొచ్చాడు, చేతిలో రై రొట్టె పట్టుకుని. పిలవకుండా అతను మా గుమ్మం తొక్కడం అదే మొదలు.

"గస్, నీ పాత కాగితాలు ఇంకా ఉన్నాయా?"

"ఎక్కడికి పోతాయిరా? నేలమాళిగలో పడున్నాయి."

"తొంభై ఒకటివి కూడానా?"

"అదొకటి గుర్తుచెయ్యి! ఆ కవరు నేను విప్పనుకూడా విప్పలేదు. ఓడిపోయానని నువ్వు ఫోన్‌లో చెప్పావుగా, మళ్లీ చూసుకుని ఏడవడం దేనికి?"

1991 ఫైనల్లో ఏడో ఆట అతనింట్లో జరిగింది. ఒక్క పరుగు తేడాతో నా మ్యూల్స్ ఓడారు. గల్స్ చరిత్ర మొత్తంలో అదొక్కటే గెలుపు, నాకు అందినట్టే అంది పోయింది కూడా అదొక్కటే.

"విప్పలేదా?" అన్నాడు ఆర్లిన్.

"ఏం, అందులో ప్రేమలేఖ పెట్టావా?"

అతను నవ్వలేదు. మొహం పాలిపోయింది. నేలమాళిగ సర్దడానికి సాయం చేస్తానన్నాడు. అక్కర్లేదన్నాను. రెండు రోజులాగి మళ్లీ వచ్చాడు, ఈసారి బ్రాట్‌వర్స్ట్ సాసేజ్‌ల పొట్లంతో. మళ్లీ అదే మాట, సర్దుదామా అని. మూడోసారి వచ్చినప్పుడు కాఫీ ముట్టుకోకుండా నేలమాళిగ తలుపువైపే చూస్తూ కూర్చున్నాడు. భార్య బెర్నీస్ పోయాక ఒంటరివాడైపోయాడు పాపం, మాట్లాడే తోడు కోసం వస్తున్నాడు అనుకున్నాను. మా ఆవిడ మాత్రం, "అతను దేనికో హడలిపోతున్నాడు, కనపడట్లేదా?" అంది. నాకు కనపడలేదు.

ఫిబ్రవరి మూడో శనివారం పొద్దున్నే బౌలింగ్ హాలు వెనక గదిలో అందరం కలిశాం. నా పెట్టె తెచ్చి ట్రీనా ముందు పెట్టాను. తొంభై ఒకటి కవరు అన్నిటికంటే పైన ఉంది, అంటించింది అంటించినట్టే. ఆర్లిన్ ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. చదువుతున్న వాళ్లవైపు ఒక్కసారీ చూడలేదు. చూపంతా ఆ కవరు మీదే ఉంది. అంత చలిలో నుదుటి మీద చెమట పట్టింది.

అతని వంతొచ్చింది. లేచి కాగితం తీశాడు.

"హార్బర్ గల్స్, నలభై ఆరో సీజను. పిచర్లు ఫర్వాలేదు. షార్ట్‌స్టాప్‌కి వయసైపోయింది. క్యాచర్ మోకాలికి కోత పడింది, మే నెల దాకా రాడు. అన్నీ కలిసొస్తే నాలుగో స్థానం." అక్కడ కాగితం మీంచి తలెత్తాడు. "ఆడించేవాడు ఉంటాడో లేదో మాత్రం చెప్పలేను."

"ఏమైందిరా, ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"చరిత్ర ఇంకా చదవలేదు, గస్. కాస్త ఉండు." కాగితం మడిచి జేబులో పెట్టేశాడు. "తొంభై ఒకటి, ఏడో ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్. గస్ జట్టు ఒక్క పరుగు వెనక ఉంది. ఇద్దరు ఔట్. బేస్ మీద ఒకడున్నాడు. పాచికలేశాను. రెండు ఆర్లు పడ్డాయి. రాశాను. కార్డు చూశాను. హోమ్ రన్. రెండు పరుగులు, గస్ జట్టు ఒక పరుగు ముందు."

ట్రీనా పెట్టెలోంచి ఆ కవరు చేతిలోకి తీసుకుంది.

"రబ్బరుతో చెరిపేశాను. మళ్లీ వేశాను. ఔటొచ్చింది. కాగితం కవర్లో పెట్టి, వీధి చివర పోస్టుడబ్బాలో వేశాను. అది కింద పడ్డ చప్పుడు వినగానే గుర్తొచ్చింది. నేను చెరిపింది పై కాగితం. కింద కార్బన్ కాపీలో ఆ ఆర్లు అలాగే ఉన్నాయి."

ఆ రోజు నాకు గుర్తుంది. నవంబరు, మొదటి మంచు. ఉత్తరాలు తియ్యడానికి వెళితే ఆ నీలం పోస్టుడబ్బా పక్కన ఆర్లిన్ నిలబడున్నాడు, టోపీ కూడా లేకుండా. "ఏరా, ఉత్తరాలకి కాపలా కాస్తున్నావా?" అన్నాను. "ఊరికే నిలబడ్డా," అన్నాడు. నేను సంచిలోకి దులుపుకుని వెళ్లిపోయాను. కవరు వెనక్కి ఇమ్మని అడుగుదామని గంటసేపు కాచుకున్నాడట. పోస్ట్‌మ్యాన్ నేను కాకుండా ఇంకెవరైనా అయ్యుంటే అడిగేవాడట.

"నువ్వు విప్పి చూశావనే అనుకున్నాను. ఇవాళ అంటావు, రేపు అంటావు అని ఎదురుచూశాను. ఫోన్ మోగితే నువ్వేనేమోనని గుండె జారిపోయేది. ముప్పై రెండేళ్లు, గస్. విప్పలేదని మొన్న నువ్వు చెప్పాక, ఇప్పుడు విప్పుతారని భయం ఇంకా పెరిగింది."

ట్రీనా కవరు చింపి ఆ కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుంది. చాలాసేపు చూసింది.

"అంకుల్, ఇక్కడంతా అలుక్కుపోయింది. ఏ అంకె మీద ఏ అంకె ఉందో తెలియట్లేదు. మీరు చెప్పకపోతే నేను కనిపెట్టేదాన్నే కాదు," అంది.

ఆర్లిన్ తల ఊపాడు. ఆ మాటతో అతనికి ఊరట కలిగినట్టు లేదు.

"అయినా ఎందుకు చేశావురా?" అని అరిచాను. పళ్లు పటపటలాడించాను కూడా, అబద్ధం ఎందుకు? నాకు దక్కాల్సిన ఒక్క గెలుపు అది.

"గెలవాలనిపించింది," అన్నాడు. అంతే, ఇంకేం సాకు చెప్పలేదు.

కాఫీ డబ్బా వచ్చింది. నియమం ప్రకారం ఆర్లిన్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మిగిలిన పదకొండుమందికీ తెల్లదొకటి, ఎర్రదొకటి ఇచ్చారు. నా పిడికిట్లో ఎర్రది ముందే బిగుసుకుంది. గోడవైపు తిరిగున్న ఆ వీపు చూశాను. చొక్కా తడిసి అంటుకుపోయింది. ఇతనికి ఈ గది తప్ప వెళ్లే చోటు లేదు. డెల్మర్ కూడా ఆ గోడ దగ్గరే నిలబడ్డాడు. అప్పుడు నేను అతని వీపు చూడలేదు, డబ్బావైపే చూశాను. ఎర్రది జేబులో వేసుకుని తెల్లది డబ్బాలో వేశాను.

ట్రీనా డబ్బా బోర్లించింది. పదకొండూ తెల్లవే. ఎవరో చప్పట్లు కొట్టారు. "కూర్చోరా ముసలోడా, షార్ట్‌స్టాప్‌ని వెతుక్కో!" అని ఇంకెవరో నవ్వారు. ఆర్లిన్ ఇటు తిరిగి బల్ల మీద పాచికల్ని చూశాడు. ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. కూర్చోలేదు.

"మరి డెల్మర్‌కెందుకు తెల్లది వెయ్యలేదు?" అన్నాడు.

చప్పట్లు కొట్టినవాడు చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"నేనూ ఎర్రదే వేశాను. ఐదేళ్లు తిరక్కుండా అదే పని చేశాను. అతన్ని పూడ్చిన రోజు నాకు డ్యూటీ ఉంది. శ్మశానం దాకా మంచు తోశాను, రోడ్డు నున్నగా చేశాను. లారీ దిగలేకపోయాను. దిగితే మీరెవరైనా చూస్తారని, ఇతనికెందుకు అంత జాలి అని అడుగుతారని."

"మాతో ఒక్క మాట చెప్పుంటే సరిపోయేదిగా," అన్నాను. నాకే నా గొంతు బలహీనంగా వినిపించింది. "ఎవర్ని చూసి అంత భయం?"

"నిన్ను చూసే, గస్," అన్నాడు ఆర్లిన్. కోపంగా అనలేదు. రోడ్డు మీద మంచు ఎంతుందో చెప్పినట్టు చెప్పాడు.

నలభై ఐదేళ్ల స్నేహంలో అతను నెమ్మదైనవాడనే అనుకున్నాను. నెమ్మది కాదది. నేను గదిలోకి వస్తే గొంతు తగ్గించేవాడు, నేను అరిస్తే ఒప్పుకునేవాడు, దాన్ని మంచితనం అనుకుని మురిసిపోయాను. ఒక మనిషి సగం బతుకు నాకు జడిసి బతికితే, నాకు తెలియనైనా తెలియలేదు. సిగ్గేసింది. ఆ మాట ఇక్కడ రాయడానికి కూడా సిగ్గేస్తోంది.

ట్రీనా మెల్లిగా అడిగింది, "తొంభై ఒకటి దగ్గర మీ పేరు రాయమంటారా, అంకుల్?"

"గీత గియ్యి," అన్నాను. పుస్తకం ఇటు లాక్కుని, 1984 ఎదురుగా ఉన్న గీత మీద డెల్మర్ హోల్ట్ అని నేనే రాశాను. తొమ్మిదేళ్లు కవర్ల మీద చదివిన పేరే, రాయడం అదే మొదటిసారి.

సోమవారం పొద్దున ఆర్లిన్‌కి ఫోన్ చేశాను. షార్ట్‌స్టాప్ కావాలంటే నా దగ్గర ఇద్దరున్నారు, ఒకణ్ని తీసుకోమని చెబుదామని. ఇప్పుడు దాచడానికేం లేదు కదా, మొదటి మోతకే ఎత్తుతాడనుకున్నాను. చెవి దగ్గర పెట్టుకుని లెక్కపెట్టాను. ఎనిమిది మోగాకే ఎత్తాడు.